సెమిస్టర్ ఎక్స్‌టర్నల్స్ కష్టమా, ఉద్యోగం కష్టమా?

మీరు అడిగింది రెండు విషయాలు. బీటెక్ మూడో ఏడు ఎక్స్‌టర్నల్స్ (సెమిస్టర్ చివర యూనివర్సిటీ పెట్టే పరీక్షలు) నడుస్తున్నాయి, నిద్ర లేదు, తిండి సరిగా లేదు. అయినా సీనియర్లూ ఇంట్లోవాళ్ళూ "ఇదేం టెన్షన్, ఉద్యోగంలో చేరాక తెలుస్తుంది" అంటున్నారు, అది నిజమేనా? బ్యాంకు ఉద్యోగమైతే కాస్త ప్రశాంతంగా ఉంటుందా?

రెండూ చూసినదాన్ని కాబట్టి రాస్తున్నాను. జేఎన్‌టీయూ హైదరాబాద్ పరిధిలోని ఒక కాలేజీలో ఈసీఈ చదివాను, 2013-17 బ్యాచ్. ఇప్పుడు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో, మండల కేంద్రంలో ఉన్న బ్రాంచిలో ఆఫీసర్‌ని.

గంటకు గంట పోల్చి చూస్తే ఎక్స్‌టర్నల్స్ వారమే ఎక్కువ కష్టం. ఇందులో నాకు అనుమానం లేదు. మీ సీనియర్లు పరీక్షలు రాసి చాలా ఏళ్ళయి ఉంటుంది, ఆ రాత్రులు మర్చిపోయి ఉంటారు.

మాకప్పుడు సబ్జెక్టుకి వంద మార్కుల్లో, కాలేజీలోనే పెట్టే ఇంటర్నల్స్ 25, ఎక్స్‌టర్నల్ 75. మీకిప్పుడు 40, 60 అయ్యాయి కదా, ఆ మేరకు మీరు నయం. మా పేపర్లో పార్ట్ ఏ 25 మార్కులు. ఛాయిస్ ఉండేది కాదు, అన్ని యూనిట్ల నుంచీ రెండు మార్కులవీ మూడు మార్కులవీ వచ్చేవి. పార్ట్ బీ 50 మార్కులు, యూనిట్‌కి రెండు ప్రశ్నలిచ్చి ఒకటి రాయమనేవారు. 75లో కనీసం 26 రాకపోతే సప్లీ, అంటే ఆ పేపర్ మళ్ళీ రాయాలి. 26 వచ్చినా ఇంటర్నల్స్‌తో కలిపి 40 రాకపోతే అదీ సప్లీయే. ఈఎమ్‌టీఎల్ (విద్యుదయస్కాంత సిద్ధాంతం, ట్రాన్స్‌మిషన్ లైన్లు) పేపర్ ముందు రాత్రి మా హాస్టల్ ఫ్లోర్‌లో ఏ గదిలోనూ లైటు ఆరలేదు. మాక్స్‌వెల్ సమీకరణాలు అర్థం చేసుకుందామంటే టైమ్ లేదు, బట్టీ పడదామంటే నిలవవు. ఆల్ ఇన్ వన్ గైడులో పేజీ తిప్పేసరికి ముందు పేజీ మర్చిపోయేదాన్ని. అంత చదివి హాల్లో కూర్చుంటే, నాలుగు నెలలు విన్నదంతా మూడు గంటల్లో, పుస్తకం లేకుండా, పక్కవాళ్ళని అడక్కుండా కాగితం మీద పెట్టాలి.

ఉద్యోగంలో ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా నన్ను అలా కూర్చోబెట్టలేదు. తెలియకపోతే సర్క్యులర్ తెరిచి చూస్తాను. అదీ అర్థం కాకపోతే రీజనల్ ఆఫీసుకి ఫోన్ చేస్తాను, లేదా బ్యాచ్‌మేట్స్ వాట్సాప్ గ్రూపులో అడుగుతాను. పైగా బ్యాంకులో ఒకరు ఎంట్రీ చేస్తే ఇంకొకరు చూసి పాస్ చేయాలి, ఒక్కరే మొత్తం చేయడానికి సిస్టమ్ ఒప్పుకోదు. నేను ఖాతా నంబర్ తప్పు కొడితే పట్టుకోవడానికి రెండో మనిషి ఉంటాడు. పరీక్ష హాల్లో మన పేపర్ మీద రెండో కన్ను పడేది రిజల్ట్స్ రోజునే.

మరి ఉద్యోగం చేసేవాళ్ళందరూ ఎందుకలా అంటారు? పని కష్టమని కాదు. పరీక్షల వారంలో మీకు ఉన్నది ఒకటే పని, మిగతావన్నీ ఎవరో ఒకరు మోస్తుంటారు. "పిల్లకి పరీక్షలు" అనగానే ఇంట్లో టీవీ సౌండ్ తగ్గుతుంది. మేనమామ కూతురి పెళ్ళికి వెళ్ళకపోయినా ఎవరూ పట్టించుకోరు. గ్యాస్ బుక్ చేయడం, కరెంటు బిల్లు, నాన్న బీపీ మాత్రలు, వచ్చిన చుట్టాలకి టీ, ఏదీ మీ దాకా రాదు. హాస్టల్లో ఉన్నా అంతే, మెస్‌లో ఏదో ఒకటి వండి పెడతారు. అది మీకు కనిపించదు, ఎందుకంటే అలవాటు.

నాకు తేడా సరిగ్గా తెలిసింది జేఏఐఐబీ రాసినప్పుడు. బ్యాంకు ఉద్యోగులు రాసే పరీక్ష అది, పాసైతే ఇంక్రిమెంట్ వస్తుంది. నేను రాసినప్పుడు మూడు పేపర్లు, ఇప్పుడు నాలుగు చేశారు. పేపర్‌కి 50 వస్తే పాస్. అన్నీ ఒకే విడతలో రాసి, ఒక్కోదాంట్లో కనీసం 45 తెచ్చుకుని, మొత్తం మీద 50 శాతం వచ్చినా పాసే. కంప్యూటర్ మీద టిక్ పెట్టే ప్రశ్నలు, వ్యాసాలు లేవు. అందులో సగం రోజూ బ్రాంచిలో చేసే పనే: కేవైసీ, చెక్కు చట్టం, లోన్ డాక్యుమెంట్లు. ఈఎమ్‌టీఎల్‌తో పోలిస్తే పిల్లల ఆట.

అయినా దాన్ని చదవడానికి పడ్డ తిప్పలు బీటెక్ నాలుగేళ్ళలో పడలేదు. మా పాపకి అప్పుడు ఏడాది నిండలేదు. సాయంత్రం బ్రాంచి నుంచి వచ్చి పుస్తకం తీస్తే పాప ఆ పుస్తకమే కావాలంటుంది. పడుకోబెట్టి లేచేసరికి నాకే నిద్ర వస్తుంది. పోనీ పొద్దున నాలుగుకి లేద్దామంటే పాప కూడా లేస్తుంది. మా అత్తయ్య మంచిది, పాపని తీసుకెళ్ళి ఆడించేది, కానీ ఆవిడకీ మోకాళ్ళ నొప్పులు. సరిగ్గా పరీక్షకి ముందు వారం ఊళ్ళో గృహప్రవేశం వచ్చింది. "ఆదివారం పరీక్ష ఉంది" అంటే, "ఉద్యోగం వచ్చేసింది కదమ్మా, ఇంకా పరీక్షలేంటి?" అని నవ్వారు. వెళ్ళక తప్పలేదు. వరండాలో మా ఆడపడుచు పక్కన కూర్చుని, చీర కొంగు కింద ఫోన్ పెట్టుకుని పాత ప్రశ్నలు చూసుకున్నాను. అంటే సిలబస్ తేలికైంది, మార్కుల హద్దు తక్కువే, ఫెయిలైతే పోయేది ఫీజు మాత్రమే. అయినా కష్టం పెరిగింది. మారింది పరీక్ష కాదు, నా చుట్టూ ఉన్న వెసులుబాటు పోయింది.

అమెరికాలో ఎంఎస్ చేసిన నా ఫ్రెండ్ కూడా ఇలాంటి మాటే చెప్పింది. స్టూడెంట్ వీసా మీద క్లాసులు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయనిస్తారు. ఆ 20 గంటలు, వంట, గిన్నెలు, అద్దె, వీటి మధ్య ఫైనల్స్ వారం వస్తే ఇక్కడి సెమిస్టర్లు సెలవుల్లా అనిపించాయట.

ఇంకో తేడా ఉంది, దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. పరీక్షలో 35 శాతం వస్తే ఒడ్డున పడతాం. "ఆ యూనిట్ వదిలేయ్, దాన్నుంచి పెద్దగా రాదు" అనుకుని వదిలేసే హక్కు ఉంది. క్యాష్ కౌంటర్లో 35 శాతం పనికిరాదు. సాయంత్రం క్యాష్ మూసేటప్పుడు సిస్టమ్‌లో ఎంత ఉందో చేతిలోనూ అంతే ఉండాలి. 500 తగ్గితే క్యాషియర్ జేబులోంచి పెట్టాలి, ఎక్కువ వస్తే ఆ డబ్బు విడిగా ఒక ఖాతాలో వేసి ఎవరిదో తేలేదాకా వెతకాలి. ఒకటో తారీఖు పెన్షన్ల రద్దీలో, మధ్యలో ఏటీఎంలో డబ్బు పెట్టాల్సి వచ్చి, మూడింటికి ఒక పెద్దాయన పాస్‌బుక్ ప్రింట్ కోసం అలిగి కూర్చుంటే, ఆ రోజు చివర లెక్క తేడా రాకుండా ముగించడం ఒక విద్య. కానీ ఆ విద్య నేర్చుకుంటే వస్తుంది, మొదటి ఆర్నెల్లలో ఎవరికైనా వస్తుంది. ఆ తర్వాత భయం పోతుంది. పరీక్షలంటే భయం నాకు నాలుగో ఏడులో కూడా పోలేదు.

మార్చి గురించి కూడా చెప్పాలి, బ్యాంకుల్లో అదే మా ఎక్స్‌టర్నల్స్ అని బయటివాళ్ళు అనుకుంటారు. మార్చి 31న ఖాతాలు మూస్తారు, ఏప్రిల్ 1న కస్టమర్లకు సెలవు, మాకు కాదు. ఆ తర్వాత ఆడిటర్లు దిగుతారు. ఆ వారం భోజనం టైమ్‌కి దొరకదు, రాత్రి ఇంటికి ఎప్పుడొస్తామో తెలియదు. కానీ అది సరదాగా కూడా ఉంటుంది, నిజం చెబుతున్నాను. బ్రాంచి అంతా ఒకచోట ఉంటుంది, మేనేజర్ గారు అందరికీ బిర్యానీ తెప్పిస్తారు, హాస్టల్ రాత్రులు గుర్తొస్తాయి.

విసిగించేది మార్చి కాదు, మిగతా పదకొండు నెలలు. కిస్తీ కట్టాల్సిన తేదీ తర్వాత 90 రోజులు దాటినా బాకీ అలాగే ఉంటే లోన్ ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. దానికి ముందే 30 రోజుల వరకు ఒక మెట్టు, 60 వరకు ఇంకో మెట్టు, 90 వరకు మూడో మెట్టు అని గుర్తిస్తారు. పంట రుణాలకు లెక్క వేరు, స్వల్పకాలిక పంటలైతే రెండు సీజన్లు చూస్తారు. ఈ గుర్తింపు ప్రతి రోజు డే ఎండ్‌లోనే జరగాలని 2021 నవంబరులో ఆర్‌బీఐ స్పష్టం చేసింది. కాబట్టి త్రైమాసికం చివర్లో హడావిడిగా చదివి గట్టెక్కే పద్ధతి చెల్లదు. పొద్దున సిస్టమ్ తెరిస్తే నిన్న రాత్రి ఏ ఖాతా ఏ మెట్టు ఎక్కిందో జాబితా ఉంటుంది. దాని ప్రకారం ఫోన్లు చేయాలి, మధ్యాహ్నం ఊరికి వెళ్ళాలి. రైతుకి "సమయానికి కడితే పంట రుణం మీద 7 శాతం వడ్డీ 4కి దిగుతుంది, రెన్యువల్ చేసుకోండి" అని పదోసారి చెప్పాలి. ఆయన తప్పేమీ ఉండదు, మిర్చి ధర పడిపోయి ఉంటుంది. ఎక్స్‌టర్నల్స్ ఆఖరి పేపర్ అయ్యాక మీరు పుస్తకాలు మంచం కింద తోసేసి సినిమాకి వెళ్తారు. నా జాబితాకి ఆఖరి పేపర్ లేదు. అలసట అక్కడి నుంచి వస్తుంది.

అందరి విషయంలో ఇలాగే ఉండదని కూడా చెప్పాలి. మా క్లాసులో ఒకమ్మాయి డే స్కాలర్, రోజూ బస్సులో వచ్చేది. అమ్మకి ఒంట్లో బాగుండేది కాదు. పరీక్షలున్నా ఇంటెడు వంట ఆమెదే, తమ్ముడి టిఫిన్ డబ్బా ఆమెదే. ఎక్స్‌టర్నల్స్ రోజుల్లో బస్సులోనే చదువుకునేది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తోంది, నైట్ షిఫ్టులు కూడా ఉంటాయి. ఎలా ఉందంటే, "కాలేజీ కన్నా వంద రెట్లు నయం, కనీసం కూర్చోవడానికి నాకంటూ ఒక కుర్చీ ఉంది" అంటుంది. మీ ఇంట్లోనూ పరిస్థితి అలాంటిదైతే, ఉద్యోగం గురించి ఎవరో భయపెట్టే మాటలు మీకు వర్తించవు. మీరు చేస్తున్నది ఇప్పటికే రెండు పనులు.

ఈ వారానికి నేను చెప్పగలిగింది ఒక్కటే: మీకు దొరికే వెసులుబాటుని మొహమాటం లేకుండా వాడుకోండి. చుట్టాలొస్తే గది తలుపు వేసుకోండి, ఫోన్ అమ్మకిచ్చేయండి. నిద్ర మాత్రం తగ్గించకండి. పార్ట్ ఏ లాంటి చిన్న ప్రశ్నలు అన్ని యూనిట్ల నుంచీ వస్తాయి కాబట్టి, రాత్రంతా ఒకే యూనిట్ మీద కూర్చోవడం కన్నా అన్నింట్లోనూ నిర్వచనాలు, బొమ్మలు చూసుకుని పడుకున్నప్పుడే నాకు ఎక్కువ మార్కులొచ్చాయి.

ఇక బ్యాంకు సంగతి. ప్రశాంతత కోసమే అయితే రాకండి. సెలవులు బాగుంటాయి, రెండో, నాలుగో శనివారాలు 2015 నుంచీ సెలవే. కీలకమైన సీట్లలో ఉన్నవాళ్ళని ఏడాదికోసారి ముందస్తుగా చెప్పకుండా కనీసం పది పనిదినాలు సెలవు మీద పంపాలన్న రూల్ కూడా ఉంది. మన మీద ప్రేమతో కాదు, మన సీట్లో వేరేవాళ్ళు కూర్చుంటే మోసాలేమైనా ఉంటే బయటపడతాయని. ఏదైతేనేం, ఆ రోజుల్లో ఎవరూ ఫోన్ చేయరు. ఆఫీసర్‌గా చేరితే బదిలీలు తప్పవు, భాష తెలియని రాష్ట్రానికి కూడా వేయొచ్చు. సొంత రాష్ట్రంలోనే ఉండాలంటే క్లర్క్ పోస్టు చూసుకోండి.

అప్లై చేయాలనుకుంటే ఒక విషయం ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. ఐబీపీఎస్ పీఓకి (ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో ప్రొబేషనరీ ఆఫీసర్ పోస్టుల పరీక్ష) ఏ డిగ్రీ అయినా చాలు, వయసు 20 నుంచి 30. కానీ నోటిఫికేషన్‌లో ఇచ్చిన తేదీ నాటికి డిగ్రీ రిజల్ట్ వచ్చి ఉండాలి. ఎస్‌బీఐ పీఓకి మాత్రం ఫైనల్ ఇయర్‌లో ఉన్నవాళ్ళు షరతు మీద రాయొచ్చు, ఇంటర్వ్యూకి పిలిస్తే అప్పటికి పాసైనట్టు చూపించాలి. ఒక్క బ్యాక్‌లాగ్ మిగిలినా ఆ ఏడాది రెండూ పోతాయి. మీకున్న సప్లీలు ఏమైనా ఉంటే ఫైనల్ ఇయర్ దాకా మోయకుండా ఈ విడతలోనే ఫీజు కట్టి రాసేయండి.