రసాయన కర్మాగారం: రేపటి పనికి ఇవాళ్టి సిబ్బంది సరిపోతారా?

ప్రశ్న: మా ప్లాంటులో పాత ప్యానెల్ తీసేసి డీసీఎస్ (ప్లాంటును కంప్యూటర్ స్క్రీన్ల మీంచి నడిపే వ్యవస్థ) పెడుతున్నారు. మూడేళ్లలో కొత్త యూనిట్ కూడా వస్తుంది. ఎవరికి ఏం వచ్చో, ఎవరికి ఏం నేర్పాలో లెక్క తేల్చే పని నాకు అప్పగించారు. శిక్షణ విభాగంలో ఉన్న సర్టిఫికెట్ల జాబితాతో మొదలుపెట్టవచ్చా?

జవాబు: వద్దండీ. ఫలానా తరగతికి హాజరయ్యారని తప్ప సర్టిఫికెట్ ఇంకేమీ చెప్పదు. హోదాల జాబితా కూడా పనికిరాదు. 'ఆపరేటర్' అన్న ఒక్క పేరు కింద పాతిక ముప్పై పనులుంటాయి. కొత్త యూనిట్ వచ్చాక పేరు అలాగే ఉండి, లోపలి పనులు మారిపోతాయి.

అందుకని ముందు పనులు రాసుకోండి. 'పంపుల పరిజ్ఞానం' అని రాస్తే దాన్ని పరీక్షించే దారి లేదు. 'నడుస్తున్న సెంట్రిఫ్యూగల్ పంపు ఆపి స్టాండ్‌బై (సిద్ధంగా ఉంచిన) పంపు ఎక్కించడం' అని రాస్తే ఉంది. సక్షన్ (ద్రవం పీల్చే వైపు) వాల్వు పూర్తిగా తెరిచారా, కేసింగ్‌లో (పంపు డొల్లలో) గాలి తీశారా, డిశ్చార్జి (ద్రవం బయటికి పంపే వైపు) మూసి ఉంచి మోటారు వేశారా, ప్రెషర్ లేవగానే మెల్లగా తెరిచారా చూడండి. డిశ్చార్జి మూసే ఉంచి నడిపిస్తూ పోతే ఏమవుతుందని అడగండి. లోపలి ద్రవం వేడెక్కి ఆవిరవుతుందని, ద్రవం కారకుండా ఆపే సీల్ పోతుందని చెప్పాలి.

ప్రతి పనికీ 0 నుంచి 4 దాకా అంకె వేయండి. 0 అంటే రాదు. 1 అంటే పక్కన ఒకరుంటే చేస్తారు. 2 అంటే ఒంటరిగా చేస్తారు. 3 అంటే తేడా వస్తే కారణం పట్టుకుంటారు. 4 అంటే ఇంకొకరికి నేర్పుతారు. లెక్కలు ఎక్కువగా తప్పేది 2, 3ల మధ్యే. రోజూ సాఫీగా చేసేవారిని చూసి 3 వేసేస్తారు. ఎవరి అంకె వాళ్లనే వేసుకోనివ్వకండి. పని జరిగేచోట నిలబడి చూసి వేయాలి. పక్కనే ఆ పని చివరిసారి చేసిన తేదీ రాయండి. ఏడాదిగా చేయని పనికి 2 వేసి ఉన్నా 1గానే లెక్కించడం మంచిది. షట్‌డౌన్ తరవాతి స్టార్టప్ లాంటి పనులను చేయి ఇలాగే మరిచిపోతుంది.

రేపటి పనుల జాబితా మీరు ఊహించి రాయక్కర్లేదు. కొత్త యూనిట్ హాజాప్ నివేదిక (ఎక్కడ ఏం తేడా రావచ్చో, అప్పుడేం చేయాలో ముందే వెతికి రాసినది) తెరవండి. 'అలారం వచ్చిన 10 నిమిషాల్లో ఆపరేటర్ ఫీడ్ ఆపాలి' లాంటి ప్రతి వాక్యమూ ఒక నైపుణ్యం. డిజైన్ చేసినవాళ్లు అది మీ మనుషులకు వచ్చని నమ్మి రాశారు. వచ్చో రాదో మీరే తేల్చాలి.

ఆఖరున షిఫ్టుల లెక్క. ఒక సీటు ఏడాది పొడుగునా నడవాలంటే 8,760 గంటలు. సెలవులు, శిక్షణ పోగా ఒక మనిషి సుమారు 1,800 గంటలు పనిచేస్తారనుకుంటే ఆ ఒక్క సీటుకే ఐదుగురు కావాలి. ఆ సీటు పనిలో 3 అంకె వచ్చినవాళ్లు ముగ్గురే ఉంటే, ఏదో ఒక రాత్రి షిఫ్టు వాళ్లు లేకుండానే గడుస్తుంది. మొత్తం ప్లాంటుకు సగటు తీస్తే ఈ ఖాళీ కనపడదు.

ఖాళీ సీటు ఎంత ప్రమాదమో ఇంగ్లండ్‌లోని ఫ్లిక్స్‌బరోలో 1974లో తెలిసింది. ఆరు రియాక్టర్లలో ఐదోది పగులు ఇస్తే దాన్ని తీసేసి, నాలుగోదాన్నీ ఆరోదాన్నీ 20 అంగుళాల గొట్టంతో కలిపారు. రెండు వైపులా బెలోస్ (సాగి ముడుచుకునే మడతల గొట్టాలు), మధ్యలో వంపు తిరిగిన గొట్టం, కింద పరంజా ఆసరా. దానికి వేసుకున్న డ్రాయింగు వర్క్‌షాపు నేల మీద సుద్దతో గీసినదే. వర్క్స్ ఇంజనీరు ఆ ఏడాది మొదట్లోనే వెళ్లిపోయారు, ఆ స్థానంలోకి ఎవరూ రాలేదు. బెలోస్ మీద పడే బలాన్ని లెక్కగట్టగలిగేవారు అక్కడ లేరు. జూన్ 1న ఆ గొట్టం తెగి జరిగిన పేలుడులో 28 మంది చనిపోయారు.

ప్రశ్న: ఇరవై రెండేళ్లుగా ఫీల్డులో చేస్తున్నాను. స్క్రీన్ల కాలంలో నా అనుభవానికి విలువ ఉంటుందా?

జవాబు: తప్పకుండా ఉంటుంది. స్క్రీన్ మీది అంకె పరికరం పంపినదే, పరికరం అబద్ధం చెప్పగలదు. 2005లో అమెరికాలోని టెక్సస్ సిటీ రిఫైనరీలో ఒక టవర్‌లోకి మూడు గంటలకు పైగా ద్రవం పోతూనే ఉంది, బయటికి రావడం లేదు. లెవెల్ మాత్రం 10 అడుగుల లోపే ఉండి తగ్గుతున్నట్టు చూపించింది. నిజానికి లోపల 150 అడుగులు దాటింది. ద్రవం పొంగి పేలుడు జరిగి 15 మంది ప్రాణాలు పోయాయి.

ఇలాంటప్పుడు కాపాడేది ఒక చిన్న లెక్క. రెండు మీటర్ల వ్యాసం ఉన్న నిలువు ట్యాంకులో మీటరు ఎత్తుకు 3.14 ఘనపు మీటర్లు పడుతుంది. గంటకు 50 ఘనపు మీటర్లు వస్తూ, బయటికి ఏమీ పోకపోతే నాలుగు నిమిషాల్లోపే లెవెల్ మీటరు లేవాలి. లేవలేదంటే ట్రాన్స్‌మిటర్‌ని (లెవెల్ కొలిచి స్క్రీన్‌కు పంపే పరికరాన్ని) అనుమానించాలి. మీ ఏరియాలోని ప్రతి వెసెల్‌కూ ఈ అంకె నోటికి రావాలి.

కొత్తగా నేర్చుకోవాల్సింది కంట్రోలర్ (కొలత చూసి వాల్వును తిప్పేది) ఆటోలో, మాన్యువల్‌లో ఎలా నడుస్తుందో, ట్రెండు (కొలత మారుతున్న తీరు చూపే గీత) ఎలా చదవాలో, అలారాల్లో ఏది ముందో. బ్రిటన్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో 1994లో పేలుడుకు ముందు 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల మీద 275 అలారాలు పడ్డాయి. పది నిమిషాలకు ఒకటి వస్తేనే మనిషి సరిగా చూడగలడు. మీ ప్లాంటులో సిమ్యులేటర్ ఉంటే ఈ పరిస్థితి పెట్టించుకుని సాధన చేయండి.

ప్రశ్న: నేను కాస్టిక్ సోడా-క్లోరిన్ ప్లాంటులో సెల్ హౌస్ (ఉప్పునీటిని కరెంటుతో విడగొట్టే చోటు) టెక్నీషియన్‌ని. నీటి నుంచి హైడ్రోజన్ తీసే ప్లాంట్లకు మారాలంటే మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలా?

జవాబు: అక్కర్లేదు. ఆ పనికి మీ అంత దగ్గరగా ఉన్నవాళ్లు అరుదు. రెక్టిఫయర్ (ఏసీ కరెంటును డీసీగా మార్చేది), సెల్ వోల్టేజీ చూసి మెంబ్రేన్ (సెల్ మధ్యలోని పొర) ఆరోగ్యం చెప్పడం, క్షారంతో జాగ్రత్త, నైట్రోజన్‌తో పర్జ్ చేయడం (లోపలి వాయువును తరిమేయడం) అన్నీ మీకు వచ్చినవే. ఆల్కలైన్ ఎలక్ట్రోలైజర్‌లో (క్షార ద్రావణంలో నీటిని కరెంటుతో విడగొట్టే యంత్రంలో) 25–30 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్, 70–90 డిగ్రీల వేడి. కిలో హైడ్రోజన్‌కు 9 కిలోల నీరు ఖర్చవుతుంది, 50 యూనిట్ల పైచిలుకు కరెంటు పడుతుంది.

కొత్తవి మూడు. మొదటిది ఆక్సిజన్. అటువైపు లైన్లలో నూనె, గ్రీజు మరక కూడా ఉండకూడదు, అంటుకుంటుంది. రెండోది ప్రెషర్. సెల్ హౌస్‌లో వాయువు దాదాపు వాతావరణ పీడనంలో ఉంటుంది, ఇక్కడ 30 బార్ దాకా ఉండవచ్చు. హైడ్రోజన్ మంట పగటిపూట కంటికి ఆనదు, గాలిలో 4 నుంచి 75 శాతం దాకా మండుతుంది.

మూడోది లోడు, అసలు కష్టం ఇక్కడే. మీ సెల్ హౌస్ రోజంతా ఇంచుమించు ఒకే కరెంటుతో నడుస్తుంది. సౌరవిద్యుత్తుతో, గాలి కరెంటుతో నడిచేది అలా నడవదు. లోడు తగ్గితే ఆక్సిజన్ తయారీ తగ్గుతుంది. మధ్య పొర దాటి ఆక్సిజన్ వైపు వచ్చే హైడ్రోజన్ మాత్రం ఆ లెక్కన తగ్గదు. అంచేత ఆక్సిజన్‌లో దాని శాతం పెరుగుతుంది. సాధారణంగా 2 శాతం దగ్గర ట్రిప్ (యంత్రం దానంతటదే ఆగిపోయే ఏర్పాటు) పెడతారు, అంటే మండే హద్దులో సగం. ట్రిప్ పడేదాకా ఆగకుండా, పెరుగుతున్న గీతను ముందే చూసి లోడు పెంచాలా ఆపాలా అని నిర్ణయించడం మీరు సంపాదించాల్సిన కొత్త నైపుణ్యం.

ప్రశ్న: కెమికల్ ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది. పైథాన్ నేర్చుకోవాలా, ప్లాంటు నేర్చుకోవాలా?

జవాబు: రెండూ కావాలి, కానీ ప్లాంటు ముందు. ఒక ఉదాహరణ. వేడి విడుదలయ్యే రియాక్టర్‌లో ఉష్ణోగ్రత పెరగగానే కంట్రోలర్ కూలింగ్ వాల్వు తెరుస్తుంది. ఆ డేటాను అలాగే ప్రోగ్రాముకు ఇస్తే 'వాల్వు తెరిస్తే ఉష్ణోగ్రత పెరుగుతుంది' అని నేర్చుకుంటుంది. ఆ తప్పు పట్టుకోవడానికి కోడ్ చాలదు, లూప్ (కొలత, కంట్రోలర్, వాల్వు కలిసిన చుట్టు) ఎలా పనిచేస్తుందో తెలియాలి.

ప్రశ్న: మా సీనియర్ ఆపరేటర్ ఆరు నెలల్లో రిటైరవుతున్నారు. ఆయన అనుభవాన్ని రాయించడమెలా?

జవాబు: కుర్చీలో కూర్చోబెట్టి 'మీకు తెలిసిందంతా చెప్పండి' అంటే ఏమీ రాదు. ఆయనతో రౌండు తిరగండి. ఆయన ఆగిన ప్రతిచోటా 'ఇక్కడ ఎందుకు ఆగారు, ఏం విన్నారు, ఏం ఉంటే వెనక్కి తిరిగేవారు?' అని అడిగి అక్కడికక్కడే రాసుకోండి. పగలూ రాత్రీ, స్టార్టప్‌లోనూ వెళ్లండి. రాసుకున్నది ఆపరేటింగ్ ప్రొసీజర్‌లో ఏ అడుగు దగ్గర చేరాలో ఆయన చేతే గుర్తు పెట్టించండి. చివరి రెండు నెలలు ఆయన పక్కన నిలబడాలి, పని ఆ సీటులోకి వచ్చేవారు చేయాలి.