టెక్ సందేహాలు: కొత్త హెడ్‌ఫోన్‌కి 100 గంటల బర్న్-ఇన్ అవసరమా?

ప్రశ్న: సర్, నాలుగు రోజుల క్రితం ఎనిమిది వేలు పెట్టి ఓవర్ ఇయర్ హెడ్‌ఫోన్ కొన్నాను. బేస్ అస్సలు లేదు, సౌండ్ పల్చగా ఉంది. షాపులో అడిగితే "100 గంటలు పింక్ నాయిస్ (జలపాతం హోరులాంటి శబ్దం) పెట్టి వదిలేయండి, సౌండ్ ఓపెన్ అవుతుంది, దీన్నే బర్న్-ఇన్ అంటారు" అంటున్నారు. నిజమేనా? (వరంగల్ నుంచి ఒక రీడర్)

జవాబు: ముందు మీ బిల్లు తీసి రిటర్న్ ఎన్ని రోజులుందో చూడండి. ఎందుకంటే రోజుకి నాలుగు గంటలు పెట్టినా 100 గంటలు అవడానికి 25 రోజులు పడుతుంది, ఈలోగా వాపస్ ఇచ్చే గడువు కాస్తా అయిపోవచ్చు, ఈ సలహా వల్ల ఎవరికి లాభమో మీకే అర్థమవుతుంది.

అలాగని బర్న్-ఇన్ అంతా ఉత్తిదే అని కూడా అనను. పెద్ద వూఫర్లలో (బేస్ స్పీకర్లలో) కోన్‌ని, అంటే ముందుకీ వెనక్కీ ఊగే గిన్నెలాంటి భాగాన్ని, మధ్యలో పట్టి ఉంచే స్పైడర్ అని ఉంటుంది, రెజిన్‌లో ముంచి గట్టిపరిచిన గుడ్డ అది, కొత్తలో కాస్త బిగుసుకుని ఉంటుంది, కోన్ మార్పించిన సౌండ్ బాక్స్ మొదట్లో టైట్‌గా మోగేది అందుకే. కానీ 50 హెర్ట్జ్ బేస్ నోట్‌కి కోన్ సెకనుకి 50 సార్లు ఊగుతుంది, అంటే గంటకి 1,80,000 సార్లు, వదులయ్యేది ఏదైనా ఉంటే చాలావరకు అక్కడే వదులైపోతుంది, ఇంక వంద గంటలు దేనికి చెప్పండి? హెడ్‌ఫోన్ డ్రైవర్‌లో (లోపలుండే చిన్న స్పీకర్‌లో) అయితే ఆ స్పైడరే ఉండదు, పల్చటి ప్లాస్టిక్ పొర, అంతే. షూర్ కంపెనీ వాళ్ళు 1997లో వచ్చిన తమ ఈ1 ఇయర్‌ఫోన్స్‌ని, అదీ బాగా వాడేసినవాటిని, మళ్ళీ కొలిస్తే కొత్తలో ఉన్న కొలతలే వచ్చాయని చెప్పారు.

మరి నెల తర్వాత బాగా వినిపిస్తోందని అంతమంది ఎందుకంటారు? కొత్త చెప్పులు కరుస్తాయి కదా, కొన్నాళ్ళకి చెప్పు సర్దుకుందో కాలు సర్దుకుందో చెప్పలేం, ఇదీ అంతే. చెవి కొత్త సౌండ్‌కి అలవాటు పడుతుంది, నెల క్రితం ఎలా వినిపించిందో నిజంగా ఎవరికీ గుర్తుండదు. ఇంకో తమాషా ఏంటంటే బర్న్-ఇన్ అయ్యాక సౌండ్ చెడిపోయిందని చెప్పినవాళ్ళు నాకైతే ఇంతవరకు తగల్లేదు, మార్పు నిజమైతే ఒకళ్ళిద్దరికైనా చెడిపోవాలి కదా!

నిజంగా మారేది ఇయర్ ప్యాడ్. లోపల ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడి చెవి చుట్టూ బాగా అతుక్కుంటుంది, సందు మూసుకుంటే బేస్ పెరుగుతుంది. నాకూ ఇదే జరిగింది, కొత్త హెడ్‌ఫోన్‌లో బేస్ లేదని రెండు రోజులు తిట్టుకున్నా, తీరా చూస్తే నా కళ్ళద్దాల కాడ ప్యాడ్‌ని పైకి లేపుతోంది, అద్దాలు తీసేస్తే డ్రమ్స్ దడదడమన్నాయి.

మీరు కూడా పాట పెట్టుకుని రెండు కప్పులూ అరచేతులతో మెల్లగా నొక్కి చూడండి. బేస్ పెరిగితే సమస్య ప్యాడ్ దగ్గరే, బ్యాండ్ అడ్జస్ట్ చేసుకుని జుట్టు వెనక్కి అనుకోండి. పెరక్కపోతే యాప్‌లో ఈక్వలైజర్ (బేస్, ట్రెబుల్ పెంచి తగ్గించే సెట్టింగ్) ఏమైనా మారిందేమో చూసి, అప్పటికీ నచ్చకపోతే ఈ వారమే వాపస్ ఇచ్చేయండి.

ఇంకొకరు ఛార్జింగ్, ఆడియో కేబుల్స్‌కి కూడా బర్న్-ఇన్ చెయ్యాలా అని అడిగారు. రాగి తీగండీ అది. అక్కర్లేదు.