పది పాటల జాబితా అడిగిన మేనకోడలికి

మిస్సిసాగా,
2025 నవంబరు 16.

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

వచ్చే ఆగస్టులో టొరంటోలో జరిగే రాక్ బృందం రష్ షోకి నీకు టికెట్ దొరికిందని చదివి, నిద్రపోతున్న మీ అత్తయ్యను లేపి మరీ చెప్పాను. "ఈలోగా వినాల్సిన పది పాటలు రాసి పంపు మామయ్యా" అన్నావు కదా, రాయడానికి కూర్చున్నాను. ఆరు రాశాక కాగితం పక్కన పెట్టేశాను. యాభై ఏళ్ళు కలిసి బతికిన మనుషుల పనిని పది ముక్కలు చేసి నీ చేతిలో పెడితే నీకు వాళ్ళు దొరకరు. అందుకే జాబితాకు బదులు ఈ ఉత్తరం. పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదువుకో.

నేను 1984 జనవరిలో ఈ కెనడా దేశం వచ్చాను. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. బ్రాంప్టన్‌లో కారు విడిభాగాల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు. నా పక్క మెషిన్ మీద పనిచేసే పెద్దాయన ఒకరోజు తన లంచ్ డబ్బాలోంచి క్యాసెట్ తీసి ఇచ్చి, మీ ఊరి పాటలు నాకు తెలియవు, మా ఊరివి నువ్వు విను అన్నాడు. అది రష్ వాళ్ళ మూవింగ్ పిక్చర్స్. నాకప్పుడు ఇక్కడి ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది. క్యాసెట్ లోపలి మడత కాగితం మీద సన్న అక్షరాలతో అచ్చువేసిన పాటల మాటల్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. ఈ దేశం భాషలో నేను ఇష్టంగా చదివిన మొదటి కాగితం అదే.

నువ్వూ అక్కడే మొదలుపెట్టు. 1981లో వచ్చిన ఆల్బమ్, ఏడు పాటలు, నలభై నిమిషాలు. ఫోన్ స్పీకర్లో కాదు, బట్టలు మడతపెడుతూ కాదు. కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా, ఉన్న వరసలో. పాటలు పాడే గెడ్డీ లీ గొంతు కీచుగా ఉందని రాశావు. చాలామందికి మొదట్లో అలాగే అనిపిస్తుంది, నాకూ అనిపించింది. గొంతుతో తగాదా పెట్టుకోకు. ముందు అతని బేస్ గిటార్ పట్టుకో. పాడుతూనే వేళ్ళతో బేస్, చేతికి అందినప్పుడు కీబోర్డు, కాళ్ళతో పెడల్స్ మీద మంద్ర స్వరాలు, ఇవన్నీ ఒకే మనిషి చేస్తున్నాడు. వాళ్ళు ముగ్గురే కదా, నాలుగో మనిషి పని కూడా పంచుకోవాలి మరి. బేస్ వెంట వెళ్తే గొంతు దానంతట అదే నీకు అలవాటవుతుంది.

రెండోసారి వినేటప్పుడు చెయ్యి ఖాళీగా ఉంచకు. విజయవాడలో ఏడేళ్ళు మృదంగం నేర్చుకున్నావు, ఆ లెక్క ఇక్కడ అక్కరకొస్తుంది. మొదటి పాట టామ్ సాయర్ మధ్యలో, కీబోర్డు ఒంటరిగా మొదలయ్యే చోట, తాళం నాలుగు వదిలేసి ఏడుకు వెళ్తుంది. తకిట తకధిమి అనుకుంటూ ఉండు, దారి తప్పవు. నడక మన మిశ్రచాపుది కాదు, లెక్క మాత్రం ఒకటే.

మూడోది వైవైజెడ్. దాంట్లో మాటల్లేవు. నువ్వు దిగిన రోజు నీ సూట్‌కేసు చీటీ మీద ఉన్న మూడు అక్షరాలు గుర్తున్నాయా? మన పియర్సన్ విమానాశ్రయం కోడ్ అది. విమానాలకు దారిచూపే రేడియో సంకేతంలో ఆ అక్షరాలు మోర్స్ కోడ్‌లో, అంటే పొడుగూ పొట్టీ చప్పుళ్ళుగా, వినిపిస్తాయి. ఆ చప్పుడునే వీళ్ళు పాటకు ఎత్తుగడగా పెట్టుకున్నారు. మొదట చిన్న కంచు బిళ్ళల మీద వాళ్ళ డ్రమ్మర్ నీల్ పీర్ట్ టింగుమని కొట్టేది అదే. దాన్ని మన ఛందస్సులో రాసి చూసుకున్నాను ఒకసారి. వై అంటే గురువు, లఘువు, గురువు, గురువు. రగణం మీద ఇంకో గురువు అన్నమాట. జెడ్ అంటే రెండు గురువులు, రెండు లఘువులు. గురువుకు రెండు మాత్రలు వేస్తే వై ఏడు, ఇంకో వై ఏడు, జెడ్ ఆరు. మొత్తం ఇరవై. చేత్తో ఐదు మాత్రల ఖండం నాలుగుసార్లు వేస్తే సరిగ్గా సమానికి వచ్చి పడుతుంది. అది లెక్క తేలిన రాత్రి నేను బడిలో తెలుగు చెప్పిన మాస్టారిని తలుచుకున్నాను. గణవిభజన నేర్పినందుకు ఆయనకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

ఆ ఆల్బమ్ నీకు కంఠతా వచ్చాక, వెనక్కి వెళ్ళు. 1968లో టొరంటో ఉత్తరాన విల్లోడేల్ అనే పేటలో మొదలైన కుర్రాళ్ళ బృందం ఇది. గెడ్డీ తల్లిదండ్రులు పోలండ్ యూదులు, నాజీ శిబిరాల్లోంచి ప్రాణాలతో బయటపడి వచ్చినవాళ్ళు. అసలు పేరు గ్యారీ, వాళ్ళమ్మ యాసలో అది గెడ్డీ అయింది. గిటార్ వాయించే అలెక్స్ లైఫ్‌సన్ సెర్బియా నుంచి వచ్చిన కుటుంబం బిడ్డ. లైఫ్‌సన్ అంటే వాళ్ళ ఇంటిపేరుకు ఇంగ్లీషు అర్థమే. ఇద్దరూ వలస కుటుంబాల పిల్లలని తెలిశాక నాకు వాళ్ళు ఇంకాస్త దగ్గరయ్యారు. నీల్ 1974 జులై 29న చేరాడు, గెడ్డీకి సరిగ్గా ఇరవై ఒకటి నిండిన రోజు.

1975లో కారెస్ ఆఫ్ స్టీల్ ఆల్బమ్ సరిగ్గా అమ్ముడుపోలేదు. రేడియోకు పనికొచ్చే చిన్న పాటలు చెయ్యండని రికార్డు కంపెనీ ఒత్తిడి. పీర్ట్ ఊరెళ్ళి నాన్నగారి వ్యవసాయ పరికరాల దుకాణంలో మళ్ళీ పనికి చేరడానికి సిద్ధపడ్డాడు. అప్పుడు ముగ్గురూ కూర్చుని, పోతే మన పద్ధతిలోనే పోదాం అనుకుని, ఒక వైపంతా ఒకటే పాటగా, ఇరవై నిమిషాలు, 2112 అనే ఆల్బమ్ చేశారు. అది నిలబెట్టింది వాళ్ళని. ఆ తర్వాత వాళ్ళ పనిలో కంపెనీ వేలుపెట్టలేదు. 2112 వినేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకో, అందులోని తెగింపు నీకు వినిపిస్తుంది. అక్కణ్ణించి వరసగా రా. 1978 హెమిస్ఫియర్స్‌లో పన్నెండు భాగాల వాద్య రచన ఒకటుంది, లా విల్లా స్ట్రాంజియాటో. తొమ్మిదిన్నర నిమిషాలు. దానికి ఒక ఆదివారం కేటాయించు.

ఇక్కడ నీకు పాత అభిమానుల నుంచి ఒక హెచ్చరిక ఎదురవుతుంది. "1982 తర్వాతవి వదిలెయ్, అంతా కీబోర్డు గోల" అంటారు. ఆ మాట వినకు. నేను వాళ్ళను మొదటిసారి కళ్ళారా చూసింది 1984 సెప్టెంబరులో, మేపుల్ లీఫ్ గార్డెన్స్‌లో. క్యాసెట్ ఇచ్చిన పెద్దాయనే తీసుకెళ్ళాడు. ఆ రాత్రి రెడ్ సెక్టర్ ఎ వాయించారు. గెడ్డీ వాళ్ళమ్మ బెర్గెన్ బెల్సన్ శిబిరం నుంచి 1945 ఏప్రిల్లో విడుదలైనప్పటి అనుభవం ఆ పాటకు ఆధారం. ఆ పాట రికార్డులో బేస్ గిటార్ లేదు. ప్రపంచమంతా మెచ్చుకునే బేస్ వాద్యకారుడు తన తల్లి కథ చెప్పాల్సి వచ్చినప్పుడు బేస్ పక్కన పెట్టి కీబోర్డుల వెనక నిలబడ్డాడు. దాన్ని గోల అని నేను ఎలా అనుకుంటాను? సిగ్నల్స్ నుంచి హోల్డ్ యువర్ ఫైర్ దాకా నాలుగు ఆల్బమ్‌లూ విను. నచ్చకపోతే నచ్చలేదని నాకు రాయి, ఒప్పుకుంటాను. వినకుండా మాత్రం తీర్పు చెప్పకు.

ఇంత చెప్తున్న నేనే ఒక తప్పు చేశాను. 1991లో రోల్ ద బోన్స్ వచ్చింది. దాంట్లో ఒకచోట ర్యాప్ ధోరణిలో మాటలున్నాయి. నా రష్ ఇది కాదు అనుకున్నాను. క్యాసెట్లన్నీ పెట్టెలో వేసి బేస్‌మెంట్‌లో పెట్టేశాను. 1993లో కౌంటర్‌పార్ట్స్ దుకాణంలో చేతికి తగిలింది, మళ్ళీ అరలోనే పెట్టి వచ్చాను. 1996లో ఇంకొకటొచ్చినా పట్టించుకోలేదు. పదకొండేళ్ళు. నేను ఇరవై నాలుగేళ్ళప్పుడు విన్నదగ్గరే వాళ్ళను నిలబెట్టాలనుకున్నాను బుజ్జీ. వాళ్ళేమో పెరుగుతూ వెళ్ళిపోయారు. నేను అలిగి కూర్చున్న ఆ రోజుల్లోనే పీర్ట్, నలభై రెండేళ్ళ వయసులో, తన తరానికి ఆదర్శమైన డ్రమ్మర్ అయ్యుండి, ఫ్రెడీ గ్రూబర్ అనే గురువు దగ్గర శిష్యుడిలా చేరి, కర్ర పట్టుకునే పట్టు దగ్గర నుంచి అంతా మార్చుకున్నాడు. నీ మృదంగం గురువుగారు పదేళ్ళ వాయింపు తర్వాత వేళ్ళు మళ్ళీ మొదటి నుంచి కూర్చుకున్నారని ఊహించుకో. అది ఎంత పెద్ద పనో నీకు నేను చెప్పక్కర్లేదు.

1997 ఆగస్టులో పీర్ట్ పంతొమ్మిదేళ్ళ కూతురు సెలీనా కారు ప్రమాదంలో పోయింది. పది నెలలకే భార్య జాకీ క్యాన్సర్‌తో పోయింది. నన్ను రిటైరైనట్టే అనుకోండి అని స్నేహితులిద్దరికీ చెప్పి, మోటార్ సైకిల్ ఎక్కి 88,000 కిలోమీటర్లు తిరిగాడు. మిగతా ఇద్దరూ ఆయన్ని తొందరపెట్టలేదు, ఆ చోట్లో ఇంకొకరిని కూర్చోబెట్టలేదు. ఈ కబురు నాకు ఆలస్యంగా తెలిసింది. అప్పటికి మా అమ్మాయి చిన్నది. ఆ రాత్రి బేస్‌మెంట్‌కి వెళ్ళి పెట్టె తెరిచాను.

2002లో వేపర్ ట్రెయిల్స్ వచ్చింది. మొదటి పాట డ్రమ్స్‌తోనే మొదలవుతుంది, ఆయన రెండు కాళ్ళూ ఉరుకుతున్నట్టు. ఆ మొదటి కొన్ని సెకన్లు విని ఏడ్చాను. అయితే ఒక మాట, అప్పటి రికార్డింగ్ చెవులు పగిలేంత గట్టిగా నొక్కిపెట్టి ఉంటుంది. 2013లో మళ్ళీ మిక్స్ చేసి విడుదల చేశారు, నువ్వు అది విను. చివరి స్టూడియో ఆల్బమ్ క్లాక్‌వర్క్ ఏంజెల్స్, 2012. ముగ్గురూ అరవైకి చేరువైన వయసులో చేసిన పని. దాన్ని అన్నిటికన్నా చివర విను.

2015 జూన్‌లో ఎయిర్ కెనడా సెంటర్‌లో చివరిసారి చూశాను. ఆ టూర్‌లో కచేరీని వెనక్కి నడిపించారు. కొత్త పాటలతో మొదలుపెట్టి, ఏళ్ళు తగ్గుతున్నకొద్దీ వేదిక మీద సామగ్రి కూడా తగ్గుతూ, ఆఖరికి బడి వ్యాయామశాలలో కుర్చీల మీద పెట్టిన యాంప్లిఫయర్ల దగ్గరికి వచ్చి ఆగారు. అప్పటికే పీర్ట్ భుజాలూ పాదాలూ నొప్పులతోనే వాయిస్తున్నాడు. ఆగస్టు 1న లాస్ ఏంజెలెస్ ఫోరమ్‌లో టూర్ ముగిసింది. అలవాటు లేని పని చేస్తూ, ఆ రోజు డ్రమ్స్ వెనక నుంచి ముందుకు వచ్చి ఇద్దరినీ కౌగలించుకున్నాడు. 2020 జనవరి 7న మెదడు క్యాన్సర్‌తో వెళ్ళిపోయాడు. మూడున్నరేళ్ళు జబ్బుపడి ఉన్నా స్నేహితులెవరూ బయట నోరు విప్పలేదు. మాకు శుక్రవారం, 10వ తేదీన తెలిసింది.

ఇప్పుడు నువ్వు అడిగిన రెండో ప్రశ్న. పీర్ట్ లేకుండా అది రష్ ఎలా అవుతుంది అని నీ స్నేహితురాలు అందన్నావు. మొన్న అక్టోబరులో వాళ్ళు మళ్ళీ టూర్ చేస్తామన్న ప్రకటన విన్నప్పుడు నాక్కూడా గుండె ఒక్క క్షణం బిగుసుకుంది. డ్రమ్స్ దగ్గర కూర్చోబోయేది అనికా నిలెస్, జర్మనీ అమ్మాయి. 2022లో గిటారిస్టు జెఫ్ బెక్‌తో టూర్ చేసింది. పీర్ట్ రెండో భార్య క్యారీ, వాళ్ళ కూతురు ఒలీవియా మనస్ఫూర్తిగా ఒప్పుకుని మాట ఇచ్చారు. ఇంటివాళ్ళు సరేనన్నాక నేనెవర్ని కాదనడానికి? పైగా పీర్ట్ కూడా ఒకరు ఖాళీ చేసిన చోట్లోకే వచ్చాడు. అంతకు ముందు డ్రమ్మర్ జాన్ రట్సీ వెళ్ళిపోయాక చేరి, పదహారు రోజులకే పిట్స్‌బర్గ్‌లో వేదిక ఎక్కాడు, ఆయనెవరో అక్కడ ఒక్కరికీ తెలియదు. కాబట్టి షోలో ప్రతి దెబ్బకీ పీర్ట్‌ని వెతుక్కుంటూ కూర్చోకు. గురువు పోయాక ఆయన కచేరీలో శిష్యురాలు తని ఆవర్తనం వాయిస్తుంటే గురువు వేళ్ళ కోసం చూస్తామా? ఆ అమ్మాయి ఆ లెక్కని ఎలా మోస్తోందో చూడు. నువ్వు తాళం వేస్తూ విను, తను సమానికి వచ్చినప్పుడల్లా నీకు తెలుస్తుంది. వచ్చే జూన్ 7న మొదలుపెట్టేది కూడా లాస్ ఏంజెలెస్‌లో ఆ ఫోరమ్ హాల్లోనే. ఎక్కడ ఆపారో అక్కడే.

టికెట్ డబ్బులు నేనిస్తానంటే వద్దన్నావు, సరే. ఒక్కటి నాకు వదిలెయ్. వేసవిలో, షోకి ముందు వారం, నిన్ను కారులో సెయింట్ క్యాథరిన్స్ తీసుకెళ్తాను. పీర్ట్ పెరిగిన ఊరు. పోర్ట్ డల్హౌసీలో లేక్‌సైడ్ పార్క్ ఉంది, కుర్రతనంలో ఆయన వేసవి పని చేసిన చోటు. ఆయన పేరు పెట్టిన మండపం ఇప్పుడక్కడ ఉంది. పాతకాలపు చెక్క గుర్రాల రంగులరాట్నం ఉంది, ఒక్కసారి ఎక్కడానికి ఇప్పటికీ ఐదు సెంట్లే. చిల్లర నేను తెస్తాను.

ఈలోగా క్రిస్మస్ సెలవుల్లో వాటర్లూ నుంచి స్క్వేర్ వన్‌కి గో బస్సు ఎక్కి రా. నేను స్టాప్ దగ్గర ఉంటాను. మృదంగం తెచ్చుకో. కింద గదిలో టర్న్‌టేబుల్‌కి కొత్త ముల్లు వేయించాను, మూవింగ్ పిక్చర్స్ ఎల్పీ తుడిచి పెట్టాను. నువ్వు మొదటి వైపు వింటున్నంతసేపూ నేను నోరు విప్పను. రికార్డు తిప్పేటప్పుడు నువ్వేదైనా అడిగితే మాత్రం చెప్తాను.

అక్కయ్యకూ బావగారికీ ఫోన్ చేసినప్పుడు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మామయ్య