డాక్టర్లు సొంత ఇంట్లోవాళ్ళకు తామే మందులు రాయొచ్చా?

రాయకూడదు. జ్వరానికి పారాసిటమాల్, విరేచనాలకు ఓఆర్‌ఎస్ చెప్పడం వేరే సంగతి. ఏళ్ళ తరబడి మింగే మందులు మాత్రం ఇంటి డాక్టర్ చేతిలో పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం.

మా మేనమామ పేరున్న ఫిజీషియన్. అమ్మ బీపీ ఆయనే చూసేవారు. చూడటమంటే ఫోన్లోనే. రామిప్రిల్ అనే బీపీ మాత్ర మొదలుపెట్టిన కొన్ని వారాలకు అమ్మకు పొడిదగ్గు పట్టుకుంది. "దుమ్ము పడట్లేదేమో అక్కా" అని ఒక సిరప్, అది అయ్యాక ఇంకోటి, మధ్యలో ఒక యాంటీబయాటిక్ కోర్సు. అన్నీ వాట్సాప్‌లోనే. మెడికల్ షాపువాడు ఫోన్ చూసి ఇచ్చేసేవాడు, చీటీ ఏదని అడిగిన పాపాన పోలేదు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని స్ట్రిప్పుల మీద ఆ ఎర్ర గీత ఎవరి కోసం వేస్తారో మరి!

విసుగొచ్చి అమ్మను వేరే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ మందుల సంచి బల్ల మీద కుమ్మరించమన్నారు. స్ట్రిప్పులన్నీ తిప్పి చూసి, రామిప్రిల్ పక్కకు తీసి, "ఇది ఎప్పటినుంచి? దగ్గు ఎప్పటినుంచి?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "దగ్గినప్పుడు యూరిన్ పడుతోందా అమ్మా?" అన్నారు. అమ్మ తల దించుకుని అవునంది. నాకే తెలియదా సంగతి. తమ్ముడికేం చెబుతుంది? ఆయనైనా అక్కను ఎలా అడుగుతారు?

రామిప్రిల్‌తో కొందరికి పొడిదగ్గు వస్తుందని మామయ్యకు తెలియక కాదు. బయటి పేషెంటైతే ఎదురుగా కూర్చోబెట్టి అన్నీ అడిగేవారు. అక్క కాబట్టి అడక్కుండానే అన్నీ తెలుసనుకున్నారు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ నియమావళి కూడా ఇదే చెబుతుంది: సొంతవాళ్ళ దగ్గర సున్నితమైన ప్రశ్నలు వదిలేస్తారు, కాబట్టి అత్యవసరమైతేనో, దగ్గర్లో ఇంకో డాక్టర్ లేకపోతేనో, కొద్దిరోజుల్లో పోయే చిన్న సమస్యైతేనో తప్ప వైద్యం చేయొద్దని. టెల్మిసార్టన్ అనే వేరే బీపీ మందుకు మార్చాక ఆ నెలలోనే దగ్గు పోయింది, దాంతోపాటు ఆ ఇబ్బందీ చాలావరకు తగ్గింది.

తప్పంతా డాక్టర్లదే అనను. పెళ్ళి భోజనాల్లో పప్పు కలుపుకుంటున్న మనిషి ముందు స్కాన్ రిపోర్టు పెట్టే చుట్టాలున్నారు మనకు. రాయనంటే "పెద్ద డాక్టరయ్యాడుగా, మనమెందుకు ఆనతాం" అని సాధిస్తారు. పాపం ఆ టెన్షన్‌కే సగం మంది ఏదో ఒకటి రాసి పడేస్తారు.

ఇప్పుడు మామయ్య రిపోర్టులు చూసి ఎవరి దగ్గరికి వెళ్ళాలో చెబుతారు, అంతే. అమ్మకే ఇంకా కోపం. "వాడుండగా బయటివాళ్ళకు ఫీజు కట్టడమేంటే" అంటూనే ఉంటుంది.