నోటీసు వచ్చింది పేడకుప్ప వల్ల

ప్రశ్న: ఇళ్ల మధ్య మా పెరట్లో రెండు పాడి ఆవులున్నాయి. మూడోది కొనాలనుకుంటుండగా, వాసన, ఈగలు అంటూ పక్కింటివారు ఫిర్యాదు చేశారు. స్థానిక కార్యాలయం నుంచి నోటీసు వచ్చింది. రోజూ పాక కడిగి సున్నం చల్లుతున్నాం, వారానికోసారి ఈగల మందు కొడుతున్నాం. దుకాణంవారు మోతాదు పెంచమన్నారు. ఇది మామీద కక్ష కాదా?

జవాబు: కక్ష సంగతి నాకు తెలియదు. మీరు పంపిన ఫొటోలో పేడకుప్ప మాత్రం పక్కింటి గోడకు ఆనుకొని ఉంది. ఆ ఇంట్లో నేనున్నా ఫిర్యాదు చేసేవాణ్ణే.

ముందు సున్నం ఆపండి. పేడ, మూత్రం కలిసిన చోట అమ్మోనియా అనే ఘాటు వాసన వాయువు పుడుతుంది. సున్నం పడితే అది ఇంకా జోరుగా గాలిలోకి లేస్తుంది. అంటే డబ్బు పెట్టి వాసన పెంచుకుంటున్నారు. పేడను పారతో ఎత్తాకే నీళ్లు పోయండి. నేల మీటరుకు రెండున్నర సెంటీమీటర్లు వాలుగా ఉంటే మూత్రం నిలవదు. అప్పటికీ నిలిచే చోట ఆవుకు రోజుకు 400-500 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ అనే ఎరువు పొడి చల్లండి, పశువులు నాకకుండా చూడండి.

ఇక ఈగల మందు. కుప్ప అంచును పుల్లతో కెలకండి. బియ్యపు గింజల్లాంటి తెల్లటి పురుగులు మెదులుతూ కనిపిస్తాయి, రేపటి ఈగలు అవే. మందు చంపేది వాలిన ఈగలను, వీటిని కాదు. పైగా వీటిని తినే మేలు చేసే కీటకాలు చస్తాయి, ఈగలు మందుకు తట్టుకోవడం నేర్చుకుంటాయి. మందు మేత తొట్టి మీద పడితే పాలలోకీ వస్తుంది. మోతాదు పెంచమన్నవారికి సీసా అమ్ముడుపోతే చాలు, మీ పాలతో వారికేం పని? వేడి కాలంలో గుడ్డు ఈగ కావడానికి 7-10 రోజులు చాలు. కాబట్టి మూడు రోజులకోసారి పేడను పొలానికి తరలించండి. కుదరకపోతే గోడకు దూరంగా కుప్పవేసి, ప్లాస్టిక్ పట్టాతో అంచులు నేలకు అదిమి కప్పండి.

నోటీసుకు గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వండి. నిబంధనలు ఊరూరికీ మారతాయి. మీ ప్రాంతంలో పశువుల పెంపకం పూర్తిగా నిషేధమా, అనుమతితో సరేనా అన్నది ముందు తేల్చుకోండి. నిషేధమైతే పాక అద్దంలా ఉన్నా లాభం లేదు. అనుమతి ఉన్నచోట మామూలుగా పశువుల సంఖ్య, ఇళ్లకూ బావికీ పాక ఉన్న దూరం, పేడ నిల్వ చూస్తారు. ఆవుకు కప్పు కింద మూడున్నర, ఆరుబయట ఏడు చదరపు మీటర్లు కావాలి. ఫొటోలో స్థలం రెండింటికే చాలేలా లేదు. మూడో ఆవు మాట ఇప్పుడు ఎత్తకండి.