ఊరి నోరు ఎలా మూతపడుతుందో రాయి

చిరంజీవి నానీకి,

స్క్రిప్ట్ చదివాను. ఇంటర్వెల్ దాకా బాగానే లాక్కొచ్చావు గానీ, ఆ మోటారు షెడ్డులో అత్యాచారం సీను అన్ని పేజీలు ఎందుకురా? తీసెయ్. అలాంటి సన్నివేశం కథకు తప్పదనుకున్నా వీలైనంత తగ్గించాలని, వివరాలు చూపించకూడదని సెన్సార్ మార్గదర్శకాలు 1991 నుంచీ చెబుతున్నాయి. నా బాధ సెన్సార్ కాదు. ఆ పిల్లని వాడు చూసినట్టే కెమెరా కూడా చూస్తే, హాల్లో కూర్చున్న మనమంతా వాడి పక్కన నిలబడ్డట్టే. మర్నాడు కాలేజీ బస్సు వచ్చినా ఆమె ఎక్కదు చూడు, అక్కడికి దూకు.

ఆ తర్వాత ఊరంతా నోరు మూసుకుందని ఒక్క మాంటేజ్‌లో తేల్చేశావు. మూసిన కిటికీలు, గుసగుసలు. ఊరు ఊరికే నోరు మూసుకోదు, ఒక్కొక్కరికీ ఒక్కో లెక్క ఉంటుంది. ఆ పని చేసిన కుర్రాడి నాన్నకి ఎరువుల కొట్టు ఉందని ఒక్క లైన్ రాసి వదిలేశావు. కథంతా అక్కడే ఉంది! తొలకరి పడింది, పత్తి విత్తనాలు కావాలి. పిల్ల తండ్రి ఎప్పటిలాగే ఆ కొట్టుకే వెళ్లాలి, ఎందుకంటే పంట చేతికొచ్చేదాకా అప్పిచ్చేది ఆయనొక్కడే. షావుకారు బెదిరించడు, గొంతు కూడా పెంచడు. కుర్చీ వేయించి, టీ తెప్పించి, ఖాతా పుస్తకం తిరగేస్తూ, "ఈసారి పాత బాకీ తీరాకే కొత్తది ఇద్దామనుకుంటున్నానయ్యా" అంటాడు. అంతే. రాత్రి భోజనాల దగ్గర తండ్రి, "కేసూ గీసూ అంటే రేపు చిన్నదానికి సంబంధాలొస్తాయా?" అని భార్యని అడుగుతాడు. అప్పు మాట ఎత్తడు. మనకి మాత్రం తెలియాలి. ఇలాంటి సీన్లు ఆర్‌ఎంపీ డాక్టరుకొకటి, కాలేజీ ప్రిన్సిపాల్‌కొకటి పడితే చాలు, విలన్ చేత డైలాగులు చెప్పించక్కర్లేదు.

పెద్దమనుషుల రాజీ సీను ఉంచు. పాత సినిమాల్లో చెరిచినవాడి చేతే తాళి కట్టించి, దానికి న్యాయం అని పేరు పెట్టి చప్పట్లు కొట్టించుకున్నారు మావాళ్లు. ఆ మురికి కడగాల్సింది మీరే. అత్యాచారం కేసుల్లో రాజీ ఊసే ఉండకూడదని సుప్రీంకోర్టు 2015లో తేల్చి చెప్పింది. మీ ఎస్సై ఆ సంగతి తెలిసే, "పెద్దల్లో కూర్చుని మాట్లాడుకోండమ్మా" అనాలి. తెలియనివాడిలా రాస్తే వాడిని వదిలేసినట్టే. ఇంకోటి, స్టేషన్ పరిధి కాదని తిప్పి పంపిస్తున్నప్పుడు, జీరో ఎఫ్‌ఐఆర్ అనేది ఒకటుందని, అంటే నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా కేసు రాసుకోవాల్సిందేనని, కథలో ఒక్కరికైనా తెలిసుండాలి. ఆ అంగన్‌వాడీ టీచర్‌కి తెలిస్తే బాగుంటుంది.

కోర్టు సీనులో జనం కిక్కిరిసి ఉన్నారు. ఈ కేసుల విచారణ జనం మధ్య జరగదు, తలుపులు వేసి జరుపుతారు. డిఫెన్స్ లాయర్ ఏం అడుగుతాడో తెలియాలంటే 1978 నాటి నల్లకుంట పోలీస్ స్టేషన్ కేసు గురించి చదువు. స్టేషన్‌లో ఒకామెపై అత్యాచారం జరిగింది, ఆమె భర్త పోలీసుల దెబ్బలకి చనిపోయాడు, హైదరాబాద్ అట్టుడికిపోయింది. విచారణలో పోలీసుల తరఫువాళ్లు చేసిందల్లా ఆమె మంచిది కాదని సాక్ష్యాలు తేవడమే. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పంది. కేసు కర్ణాటకలోని రాయచూరుకి మార్చాక అక్కడి కోర్టు వాళ్లని వదిలేసింది. నీ క్లైమాక్స్‌లో హీరో కత్తి పట్టుకొచ్చే ముందు ఇది ఒకసారి గుర్తుచేసుకో.

చివరిగా, మీ దగ్గర నిజంగా జరిగిందే రాస్తున్నానన్నావు. కాలేజీ, వీధి, తండ్రి పని, అన్నీ మార్చెయ్. గుర్తుపట్టే వివరం ఏదీ బయటపెట్టకూడదని భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ చెబుతోంది, రెండేళ్ల దాకా జైలు. చట్టం సంగతి అటుంచు, ఆమె బతికుంది, రేపు అదే ఊళ్లో సినిమా ఆడుతుంది. ఆమెకి నమ్మకమున్న ఆడమనిషి ద్వారా అడిగించు, నువ్వు నేరుగా వెళ్లకు. వద్దంటే మానెయ్, మారు మాట్లాడకు. పోస్టర్ మీద 'యథార్థ గాథ' అని వేస్తే మాత్రం టైటిల్స్‌లో నా పేరు వేయకు.

అత్తయ్య