లెక్కల సందేహాలు: బిందువు తర్వాత ఏ అంకె విలువ ఎంత?

ప్రశ్న: మా పాప ఆరో తరగతి. 0.5, 0.35, 0.125లలో ఏది పెద్దదని అడిగితే 0.125 అంటోంది. ‘ఐదు కంటే నూట ఇరవై ఐదు పెద్దదే కదా’ అని వాదిస్తోంది. ఎలా చెప్పాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పాప బిందువుకు కుడివైపున్న అంకెలన్నింటినీ కలిపి ఒకే పూర్ణసంఖ్యగా చదువుతోంది. దీనికి కొంత కారణం మనం దశాంశాలను రూపాయలు, పైసలతో మొదలుపెట్టడమే. 3.50 అంటే మూడు రూపాయల యాభై పైసలు అనగానే, బిందువు రెండు సంఖ్యల్ని విడదీసే గుర్తు అనుకుంటారు. అలాంటి పిల్లలు 3.5ని మూడు రూపాయల ఐదు పైసలు అంటారు. 3.125 అయితే వాళ్లకు అసలు అర్థమే కాదు.

బిందువు పని ఒకట్ల స్థానం ఏదో చూపడం, అంతే. అక్కడి నుంచి ఎడమకు జరిగే కొద్దీ స్థానం విలువ పదింతలవుతుంది, కుడికి జరిగే కొద్దీ పదో వంతవుతుంది. పదులకు జత దశాంశాలు (పదో వంతులు), వందలకు జత శతాంశాలు (వందో వంతులు), వేలకు జత సహస్రాంశాలు (వెయ్యో వంతులు). ఒకట్లకు మాత్రం జత లేదు. ఇది విడమరచి చెప్పకపోతే పిల్లలు బిందువు పక్కన ‘ఒకటో వంతులు’ అనే స్థానం ఊహించుకుని 0.5లోని 5ని దశాంశాల్లో కాక అందులో వేస్తారు.

గళ్ల నోటుబుక్కులో 10 గళ్ల పొడవు, 10 గళ్ల వెడల్పుతో చదరం గీయించండి. చదరం మొత్తం 1. ఒక నిలువు వరస దశాంశం, ఒక గడి శతాంశం, గడిలో పదో వంతు సహస్రాంశం. 0.5కి ఐదు వరసలు, అంటే 50 గళ్లు. 0.35కి మూడు వరసలు, ఐదు గళ్లు. 0.125కి ఒక వరస, రెండు గళ్లు, ఇంకో గడిలో సగం. మొత్తం పన్నెండున్నర గళ్లే! రంగు తనే వేయాలి. సున్నాలు చేర్చి 0.500, 0.350, 0.125 అని సమం చేసే చిట్కా ఆ తర్వాతే చెప్పండి. ముందే చెబితే 500ని 125తో పోల్చి సరైన జవాబు రాసేస్తుంది, పూర్ణసంఖ్యగా చదివే అలవాటు మాత్రం పోదు. చదివేటప్పుడూ ‘సున్నా పాయింట్ ఒకటి రెండు ఐదు’ అనిపించండి.

దిద్దాక కొందరు పిల్లలు ‘అంకెలు తక్కువుంటే పెద్దది’ అనే కొత్త తప్పులో పడతారు. అందుకే రెండు జతలు అడగండి: 0.8, 0.75 ఒకటి, 0.4, 0.75 ఇంకొకటి. మొదటిది సరిగ్గా చెప్పి, రెండో జతలో 0.4 పెద్దదంటే మళ్లీ చదరం దగ్గరికి వెళ్లాల్సిందే.

ప్రశ్న: మా రెండు చెక్కల విస్తీర్ణం కాగితాల్లో 2.20, 1.30 అని ఉంది. కూడితే 3.50 వచ్చింది. మూడున్నర ఎకరాలేనా?
– ఒక రైతు, వరంగల్

జవాబు: కాదండీ, నాలుగుంపావు. మీ కాగితాల్లో విస్తీర్ణం ఎకరాలు, గుంటల్లో ఉంటే ఆ చుక్క దశాంశ బిందువు కాదు. ఎకరానికి 40 గుంటలు. 20, 30 గుంటలు కలిస్తే 50 గుంటలు, అంటే ఎకరం 10 గుంటలు. మొత్తం 4 ఎకరాల 10 గుంటలు. గుంటల్ని 40తో భాగిస్తే దశాంశం వస్తుంది: 10 ÷ 40 = 0.25, కాబట్టి 4.25 ఎకరాలు.

ధర కట్టేటప్పుడు ఇది మరీ ముఖ్యం. ఎకరం 20 లక్షలనుకుందాం. 4.25తో గుణిస్తే 85 లక్షలు. 4.10తో గుణిస్తే 82, 3.50తో గుణిస్తే 70 లక్షలే. ఆంధ్రలో సెంట్ల లెక్కకు ఈ చిక్కు లేదు. ఎకరానికి 100 సెంట్లు కాబట్టి 2.20 అంటే నిజంగానే 2 ఎకరాల 20 సెంట్లు. 5 సెంట్లయితే మాత్రం 2.05 అనే రాయాలి, 2.5 అంటే 50 సెంట్లు. క్రికెట్‌లో 19.4 ఓవర్లు కూడా దశాంశం కాదు. ఓవర్‌కి ఆరు బంతులు కాబట్టి రన్‌రేట్‌కి 19.67తో భాగించాలి.

ప్రశ్న: 0.5, .5, 0.50 మూడూ ఒకటేనా?
– ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: విలువలో ఒకటే. అయినా ముందు సున్నా వదలొద్దు. మందు మోతాదు .5 అని రాస్తే చుక్క కనబడక 5 అనుకునే ప్రమాదముంది, అది పదింతలు. అదే కారణంతో మోతాదును 5.0 అని కూడా రాయకూడదు, 50గా చదువుతారు. కొలతల్లో చివరి సున్నాకు పని ఉంది: 2.50 మీటర్లంటే సెంటీమీటరు దాకా కొలిచినట్టు, 2.5 అంటే పది సెంటీమీటర్ల దాకానే.